రంగు తొట్టిలో ఉప్పు, చేలో చౌడు

   

ఈ పూట నేను మాట్లాడబోయేది నూలు అద్దకంలో వాడే ఉప్పును గురించి. "ఇది రైతుల కార్యక్రమం కదా, ఇందులో అద్దకం మాటెందుకు?" అని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. పత్తి పండించేది రైతు. ఆ పత్తి నూలై, రంగు తొట్టిలో మునిగి, మగ్గమెక్కి బట్ట అవుతుంది. బట్ట అంగడికి పోతుంది. తొట్టిలో మిగిలిన ఉప్పునీళ్ళు మాత్రం బోదె వెంబడి పారి మళ్ళీ రైతు చేనికే, రైతు బావికే వస్తవి. కనుక ఇది రెండిళ్ళవారూ కలిసి వినవలసిన విషయం.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. తక్కినదంతా మరచిపోయినా ఇది మరచిపోకండి. తొట్టిలో రంగును నూలు బరువును బట్టి వేస్తారు. ఉప్పును మాత్రం నీళ్ళ కొలతను బట్టి వేస్తారు. నీళ్ళు ఎంత ఎక్కువైతే ఉప్పు అంత ఎక్కువ. నీళ్ళు తగ్గితే ఉప్పు దానంతట అదే తగ్గుతుంది. ఉప్పు తగ్గించే ఉపాయాల్లో పెద్దది ఇదే. దీనికి కొత్త యంత్రం అక్కరలేదు, కొత్త మందు అక్కరలేదు. ఒక తక్కెడ, ఒక కొలత బిందె ఉంటే చాలును.

ఇప్పుడు ఈ రంగులేమిటో చూద్దాం. పత్తి, అవిసెనార, జనుము, గోగునార, ఇవన్నీ మొక్కల నుంచి వచ్చిన పోగులు. వీటి అసలు పదార్థం సెల్యులోజు. వీటికి అద్దే రంగుల్లో రియాక్టివ్ రంగులని ఒక జాతి ఉన్నది. 1954లో ఇంగ్లండులో ఇయాన్ రాటీ, విలియం స్టీఫెన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వీటి కిటుకు కనిపెట్టారు. 1956లో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ వీటిని ప్రోసియాన్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. పాత డైరెక్ట్ రంగులు పోగును ఊరికే అంటిపెట్టుకుని ఉండేవి, ఉతికితే దిగేవి. రియాక్టివ్ రంగు అలా కాదు. పోగుతో రసాయనికంగా ముడిపడిపోతుంది. రంగు నిగనిగలాడుతుంది, ఉతికినా నిలుస్తుంది. అందుకే ఇవి ఇంతగా వ్యాపించినవి.

మరి ఇందులో ఉప్పెందుకు? నీళ్ళలో తడిసిన నూలుపోగు మీద ఋణ విద్యుత్తు ఉంటుంది. కరిగిన రంగు మీద కూడా ఋణ విద్యుత్తే. ఒకే రకం విద్యుత్తు గలవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటవి. ఉప్పు వేస్తే అందులోని సోడియం ఈ రెంటి మధ్య నిలిచి ఆ ఎడమొహం పెడమొహం పోగొడుతుంది. అప్పుడు రంగు నీళ్ళను వదిలి పోగు దగ్గరకు చేరుతుంది. ఆ తర్వాత సోడా యాష్ వేస్తే రంగుకూ పోగుకూ ముడి పడుతుంది. ఉప్పు పెళ్ళిళ్ళ పేరయ్య వంటిది. సోడా దగ్గరుండి మూడు ముళ్ళు వేయించే పురోహితుని వంటిది. పెళ్ళి అయిన తర్వాత పేరయ్య ఆ ఇంట కాపురం ఉండడు కదా! ఉప్పు సంగతీ అంతే. అది పోగుతో ముడిపడదు. జాడింపులన్నీ అయ్యేసరికి వేసిన ఉప్పు దాదాపు అంతా బయటికి రావలసిందే.

సరే, ఒక లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే వ్రాసుకోండి. 5 కిలోల నూలు ఉన్నదనుకుందాం. కిలో నూలుకు 20 లీటర్ల చొప్పున 100 లీటర్ల నీళ్ళు పోశాం. నడితరపు రంగుకు లీటరుకు 40 గ్రాముల చొప్పున ఉప్పు వేస్తే 4 కిలోలు. లీటరుకు 15 గ్రాముల చొప్పున సోడా వేస్తే కిలోన్నర. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే మన తొట్టి సముద్రం కంటే ఉప్పన! ముదురు రంగులకైతే లీటరుకు 60, 80 గ్రాముల దాకా కూడా పోతుంది.

రోజుకు ఒక్క తొట్టి చొప్పున ఏడాదికి 300 రోజులు అద్దితే 12 క్వింటాళ్ళ ఉప్పు, నాలుగున్నర క్వింటాళ్ళ సోడా. ఒక్క తొట్టి నుంచి ఇంత. ఎవరైనా మనిషి 12 క్వింటాళ్ళ ఉప్పు బండి కెత్తుకుని వచ్చి మీ చేలో చల్లుతానంటే ఊరుకుంటారా? నీళ్ళలో కరిగి వస్తున్నది గనుక మన కంటికి ఆనడం లేదు.

అదే 5 కిలోల నూలును కిలోకు 10 లీటర్ల చొప్పున 50 లీటర్లలో అద్దితే? లీటరుకు 40 గ్రాములే వేసినా ఉప్పు 2 కిలోలు, సోడా 750 గ్రాములు. ఏడాదికి 6 క్వింటాళ్ళ ఉప్పు మిగులు. ఇంకో లాభం కూడా ఉన్నది. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు రంగు పోగుకు మరింత సులభంగా చేరుతుంది. అందుచేత లీటరుకు వేసే ఉప్పును కూడా కొంచెం తగ్గించే వీలుంటుంది. కాచే నీళ్ళు తగ్గినందున వంటచెరకు కూడా కలిసి వస్తుంది.

ఈ ఉప్పు నేలలో పడితే ఏమవుతుందో రైతులకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. పాల చౌడు, కారు చౌడు అని మనవాళ్ళు పూర్వం నుంచీ రెండు పేర్లు పెట్టుకున్నారు. ఉప్పులు నేలపైకి తేలి తెల్లగా పొరకట్టేది పాల చౌడు. సోడియం బంకమట్టికి పట్టి, తడిస్తే జిగురై, ఆరితే రాయై, నీరు లోపలికి ఇంకనీయనిది కారు చౌడు. అద్దకం నీళ్ళలో ఉప్పూ ఉన్నది, సోడా కూడా ఉన్నది. ఉప్పు పాల చౌడును తెస్తుంది, సోడా కారు చౌడును తెస్తుంది. రెండు చౌళ్ళకూ ఒకే బోదెలో నీరు పెట్టినట్లవుతుంది. ఎండకు నీరు ఆవిరైపోతుందిగాని ఉప్పు ఆవిరి కాదు. ఆకు, పేడ కుళ్ళినట్లు ఉప్పు కుళ్ళదు. పడినది పడినట్లే ఉండి, ఏటికేడాది పేరుకుంటుంది.

పైర్లన్నీ ఉప్పును ఒకే తీరుగా భరించవు. నేల రసంలో ఉప్పును విద్యుద్వాహకతను బట్టి కొలుస్తారు. దాని కొలమానం పేరు డెసీ సీమెన్. ఉల్లి పంట 1.2 దాటగానే తగ్గనారంభిస్తుంది. మిరప 1.5 వరకు, వరి 3 వరకు, వేరుశనగ 3.2 వరకు ఓర్చుకుంటవి. పత్తి గట్టిది, 7.7 దాకా తట్టుకుంటుంది. అందువల్ల అద్దకం నీళ్ళు చేరే చేలో పత్తి బాగానే ఉన్నదని మోసపోకండి. పక్క మడిలో ఉల్లి ఎందుకు ఎదగలేదో చూడండి.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. తమిళనాడులో తిరుప్పూరు పేరు మీరు వినే ఉంటారు. బనీను బట్టకు ప్రసిద్ధి. దాని ప్రక్కన నొయ్యల్ అనే నది పారుతుంది. అది కావేరికి ఉపనది. ఆ నది మీద ఒరత్తుపాళయం వద్ద సేద్యం కోసం కట్టిన ఆనకట్ట 1992లో వాడుకలోకి వచ్చింది. పైనున్న అద్దకం కర్మాగారాల ఉప్పునీళ్ళు వచ్చి అందులో నిలిచినవి. సేద్యానికని కట్టిన జలాశయం నీళ్ళను, తమ పొలాలకు వదలవద్దని ఆయకట్టు రైతులే మొరపెట్టుకున్నారు! రైతులు న్యాయస్థానాలకు ఎక్కారు. కాలుష్యం చేసినవారే నష్టం భరించవలెనన్న సూత్రాన్ని 2009లో సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యంలో నిలబెట్టింది. అప్పటికీ ఉప్పునీరు ఆగకపోయేసరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం కర్మాగారాలను మూసివేయమన్నది. వందలకొద్దీ కర్మాగారాలు ఒక్కసారిగా ఆగినవి. వేలకొద్దీ కూలివారికి పని పోయింది. ఆ తర్వాత నీటిని వడపోసి, మరిగించి, ఉప్పును వేరుచేసి తిరిగి వాడుకునే యంత్రాలు పెట్టుకున్నవారే మళ్ళీ పని సాగించుకున్నారు. ఆ యంత్రాలకు ఎంతో డబ్బు, ఎంతో కరెంటు కావాలి.

చూడండి, చివరకు నష్టపోయినదెవరు? ముందు రైతు, తర్వాత అద్దకందారు, వారితో పాటు కూలివాడు. నష్టం ఒకరితో ఆగలేదు. మన నేత ఊళ్ళలో తొట్లు చిన్నవి, పని చేతిపని. అంత పెద్ద యంత్రాలు మనం పెట్టలేం. పెట్టలేనివారికి ఒక్కటే దారి: తర్వాత తీసివేయలేని ఉప్పును ముందే వేయకుండా ఉండడం. అది ఎట్లాగో ఇప్పుడు వరుసగా చెబుతాను.

మొదటిది, నూలును తూచడం, నీళ్ళను కొలవడం. దోసిళ్ళతో ఉప్పు, బిందెల అంచనాతో నీళ్ళు పోసే అలవాటు మానుకోవాలి. తొట్టి లోపలి గోడ మీద పది పది లీటర్లకు ఒక గీత గీయించండి. తడిసిన నూలులో కూడా నీరు ఉంటుందని మరువకండి. పిండిన నూలు దాదాపు తన బరువంత నీటిని పట్టుకుని ఉంటుంది. 5 కిలోల నూలుకు 50 లీటర్లు కావలెనంటే తొట్టిలో 45 లీటర్లు పోస్తే సరిపోతుంది.

రెండవది, తొట్టి ఆకారం. గుండ్రటి గంగాళంలో కర్రలకు చిలపలు తొడిగి ముంచితే, చుట్టూ, అడుగున నీళ్ళు ఊరకే ఉండిపోతవి. నలుచదరంగా, సన్నగా, కర్ర పొడవుకు తగినంత వెడల్పుతో తొట్టి చేయించుకుంటే ఆ వృథా నీళ్ళు ఉండవు. అయితే ఒకటి. నీళ్ళు తగ్గినప్పుడు చిలపలను ఎక్కువసార్లు తిప్పాలి. లేకపోతే రంగు మచ్చలు పడుతుంది. మచ్చపడిన నూలును మళ్ళీ అద్దితే మళ్ళీ ఉప్పు. ఆదా అంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఒకేసారి ఇరవై నుంచి పదికి దిగకండి. ముందు పదిహేనుకు, చేయి కుదిరిన తర్వాత పన్నెండుకు, ఆపైన పదికి రండి.

మూడవది, నూలును బాగా ఉడకబెట్టడం. పత్తిపోగుకు పుట్టుకతో మైనం, జిడ్డు ఉంటవి. సోడా, సబ్బుతో గంటసేపు ఉడికించి జాడిస్తే అవి పోతవి. ఒక నీటిచుక్క వేస్తే వెంటనే ఇంకిపోవాలి. అది పరీక్ష. చుక్క నిలబడితే నూలు సిద్ధం కానట్లే. సిద్ధంకాని నూలులోకి రంగును ఎక్కించాలని గుప్పెళ్ళకొద్దీ ఉప్పు వేసేవారున్నారు. దాహం లేని ఎద్దును ఎంత అదిలించినా నీళ్ళు త్రాగదు కదా! మెర్సిరైజు చేసిన నూలు అయితే తక్కువ రంగుతోనే ముదురుగా కనిపిస్తుంది. రంగు తగ్గితే దానికి కావలసిన ఉప్పూ తగ్గుతుంది.

నాలుగవది, రంగు ముదురును బట్టి ఉప్పు. లేత రంగుకూ, నడితరపు రంగుకూ, ముదురు రంగుకూ ఒకే కొలత వేయడం దండుగ. లేత రంగులకు సాధారణంగా లీటరుకు 20 గ్రాముల ప్రాంతంలో చాలును. నడితరపువాటికి 40 ప్రాంతం. ఖచ్చితమైన కొలత ఆయా రంగు అమ్మేవారిచ్చే పట్టికలో ఉంటుంది. డబ్బాతో పాటు ఆ పట్టికను అడిగి తీసుకోండి.

ఐదవది, రంగు ఎంపిక. బజారులో ఎం రంగులని, హెచ్ రంగులని, ఎం.ఇ. రంగులని రకరకాలు దొరుకుతవి. ఎం రకం చల్లనీళ్ళలో పట్టేవి. హెచ్ రకానికి బాగా వేడి కావాలి. ఎం.ఇ. రకానికి గోరువెచ్చన చాలదు, 60 డిగ్రీల వేడి కావాలి. ఈ ఎం.ఇ. రంగుకు పోగును పట్టుకునే కొక్కాలు రెండుంటవి. ఒకటి తప్పినా రెండవది పట్టుకుంటుంది. అందుచేత రంగు తక్కువగా వృథా అవుతుంది. తక్కువ ఉప్పుతోనే పోగును చేరేట్లు ప్రత్యేకించి తయారుచేసిన రంగులు కూడా కొన్ని కంపెనీలు అమ్ముతున్నవి. వాటి ధర ఎక్కువ. కాని ఉప్పు, సోడా, జాడింపు నీళ్ళు, చెరకు అన్నీ కలిపి లెక్క చూసి అప్పుడు ఏది చవకో తేల్చుకోండి.

ఆరవది, సమయం. ఉప్పును వేరే నీళ్ళలో కరిగించి, రెండు మూడు విడతలుగా, అరగంటలో పోయాలి. పోసేటప్పుడు చిలపలను పైకెత్తాలి. ఉప్పు పోసిన తర్వాత తొందరపడి సోడా వేయకండి. సోడా పడగానే రంగు పోగుతోనే కాక నీళ్ళతో కూడా ముడిపడడం మొదలుపెడుతుంది. నీళ్ళతో ముడిపడిన రంగు ఇక పోగుకు పనికిరాదు. ఉప్పుకు తన పని చేసుకునే వ్యవధి ఇచ్చి, రంగు పోగును చేరిన తర్వాతనే సోడా వేయవలెను. తొందరపడి, రంగు పాలిపోయిందని మరుసటి తొట్టికి ఉప్పు పెంచడం సరైన వైద్యం కాదు.

ఏడవది, అసలు ఉప్పే లేని పద్ధతి. గుడ్డను రంగు, సోడా కలిపిన కొద్ది ద్రావణంలో ముంచి, రెండు రోలర్ల మధ్య గట్టిగా పిండి, చుట్టగా చుట్టి, గాలి తగలకుండా పాలిథీను కాగితం కప్పి ఉంచుతారు. రంగును బట్టి కొన్ని గంటలు మొదలు ఒక రాత్రి వరకు అట్లా ఉంచితే రంగు పడుతుంది. దీనిలో ఉప్పు అక్కరలేదు. ఎందుకంటారా? పోగు చుట్టూ ఉన్న నీరే కొద్ది. రంగు ఎటూ పోవడానికి చోటు లేదు. నీళ్ళు తగ్గితే ఉప్పు తగ్గుతుందని మొదట చెప్పిన మాటకు ఇది చివరి మెట్టు. రోలర్లు లేనివారు నూలును సోడా నీళ్ళలో నానబెట్టి, సమంగా పిండి, రంగు నీళ్ళు చేతితో ఎక్కించి, కాగితంలో చుట్టి రాత్రంతా ఉంచవచ్చు. దీనితో రంగు ఒక్కతీరుగా రావడం కష్టం. నీడలు నీడలుగా రంగు కావలసిన చీరలకు, తువాళ్ళకు ఇది బాగా పనికివస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు తప్పక వేసుకోవలెను. రంగుపొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం వస్తుంది.

మిల్లులలో ఇంకొక పద్ధతి ఉన్నది. నూలుకు ముందుగానే ఒక రసాయనం పట్టించి దాని విద్యుత్తును మార్చివేస్తారు. అప్పుడు పోగే రంగును పిలుచుకుంటుంది, ఉప్పు అక్కరలేదు. కాని ఆ రసాయనం ప్రమాదకరమైనది. శిక్షణ, రక్షణ సామగ్రి లేకుండా ఇంటి దొడ్లలో చేయదగిన పని కాదు. దాని జోలికి పోకండి.

ఇక ఎనిమిదవది, ఒకసారి వాడిన తొట్టి నీళ్ళను తిరిగి వాడడం. నూలు తీసిన తర్వాత 50 లీటర్ల తొట్టిలో సుమారు 45 లీటర్లు మిగులుతవి. అంటే ఉప్పులో పదింట తొమ్మిది వంతులు అక్కడే ఉన్నవి. అదే రంగును గాని, అంతకంటే ముదురు రంగును గాని మళ్ళీ అద్దేటట్లయితే ఆ నీళ్ళను వాడవచ్చు. కాని అందులో సోడా ఉన్నది. దాన్ని తీయకుండా కొత్త రంగు వేస్తే, రంగు పోగును చేరకముందే చెడిపోతుంది. కనుక ఎసిటిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోసి, పరీక్ష కాగితం 7 చూపే వరకు సోడాను విరిచివేయాలి. పోసేటప్పుడు నురగ పొంగుతుంది, తొట్టి నిండుగా ఉంచకండి. ఆ తర్వాత తగ్గిన 5 లీటర్ల నీటికి సరిపడిన ఉప్పు, అంటే మన లెక్కలో 200 గ్రాములు కలిపితే చాలు. లేత రంగులకు మాత్రం ఈ నీళ్ళు పనికిరావు, రంగు మురికిపడుతుంది. ఆమ్లం ఖర్చు కూడా చూసుకోవాలి. కొనే ఉప్పు ధరతో పోల్చి ఖర్చెక్కువని వదిలివేసేవారికి ఒక్క మాట. చెడిన బావి ధర ఆ లెక్కలో కలపలేదు.

ఎంత తగ్గించినా కొంత ఉప్పునీరు మిగులుతుంది. దానిని చివరి జాడింపు నీళ్ళతో కలపకండి. ఉప్పంతా మొదటి తొట్టి నీళ్ళలో, మొదటి జాడింపు నీళ్ళలో ఉంటుంది. ఆ రెండింటినీ వేరుగా పట్టి, అడుగున దళసరి పాలిథీను పరిచిన మడిలో ఎండనివ్వాలి. సముద్రతీరపు ఉప్పు మళ్ళు చూసినవారికి ఈ పని తెలిసినదే. వానపడితే పొంగకుండా పైన కప్పు ఉండాలి. ఎండిన ఉప్పును సంచుల్లో కట్టి, కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన చోటికి పంపవలెను. దానిని పశువులకు పెట్టరాదు. పచ్చళ్ళలో, చేపలు ఎండబెట్టడంలో వాడరాదు.

కొన్ని అపోహలు కూడా తొలగించుకోవాలి. "మామూలు ఉప్పు మానేసి గ్లాబర్ ఉప్పు వేస్తున్నాం, మాకు భయం లేదు" అని కొందరంటారు. గ్లాబర్ ఉప్పు సోడియం సల్ఫేటు. దానిలోనూ సోడియమే ఉన్నది. నేలకు కీడు చేసేది ఆ సోడియమే. పేరు మారింది, బుద్ధి మారలేదు. పైగా ఈ ఉప్పు పొడిరూపంలోనూ, పలుకుల రూపంలోనూ దొరుకుతుంది. పలుకుల్లో సగానికి పైగా నీరే. పొడి ఒక కిలో, పలుకులు రెండుంపావు కిలోలతో సమానం. సంచిలో ఉన్నదేదో చూసుకోకుండా తూస్తే కొలత తారుమారవుతుంది.

"కొబ్బరి చెట్టుకు ఉప్పు మంచిదే కదా, తొట్టి నీళ్ళు కొబ్బరి మొదట్లో పోస్తే పోలా?" అని అడిగేవారున్నారు. కొబ్బరి మొదట్లో ఏడాదికొకసారి కొద్దిగా ఉప్పు వేసే అలవాటు కొన్నిచోట్ల ఉన్న మాట నిజం. దానికీ, రోజుకొక తొట్టి ఉప్పు, సోడా, రంగు కలిపి పోయడానికీ పోలిక లేదు.

"మంచినీళ్ళు కలిపి పలచన చేసి వదులుతాం" అనేది మూడవ మాట. కేంద్రప్రభుత్వం 2016లో బట్టల పరిశ్రమలకు పెట్టిన నిబంధన ప్రకారం బయటికి వదిలే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు మించరాదు. మన 4 కిలోల ఉప్పును అంత పలచన చేయాలంటే 1,900 లీటర్ల మంచినీళ్ళు కావాలి. అన్ని మంచినీళ్ళు ఊళ్ళో ఉంటే రైతుకు కొరతెందుకు? అంత చేసినా నేలలో పడే ఉప్పు 4 కిలోలే, ఒక్క గ్రాము తగ్గదు.

ఇక రైతులు చేయవలసినది. అద్దకం ఊరి దిగువన పొలమున్నవారు ప్రతి ఏటా వేసవిలో ఒకసారి, వానలు వెనుకబట్టిన తర్వాత ఒకసారి బావినీటిని పరీక్ష చేయించండి. మోటారు కొంతసేపు ఆడిన తర్వాత, సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి, అర లీటరు నీరు పట్టి, పేరు, సర్వే నంబరు, తేదీ వ్రాసి ఇవ్వాలి. విద్యుద్వాహకత 0.7 లోపు ఉంటే భయం లేదు. 3 దాటితే ఆ నీళ్ళు చాలా పైర్లకు పనికిరావు. ఏటేటా అంకె పెరుగుతూ ఉంటే, పొలం తెల్లబడే వరకు ఆగకండి. పాల చౌడుకు మంచినీరు నిలగట్టి, మురుగు కాలవలోకి దించి ఉప్పును కడగాలి. కారు చౌడుకు ముందు జిప్సం వేసి ఆ తర్వాత కడగాలి. ఎంత జిప్సం వేయాలో మట్టి పరీక్ష చెబుతుంది. చౌడు నేలల మీద బాపట్లలో ఎంతో కాలంగా పరిశోధన జరుగుతున్నది. అక్కడివారి సలహా తీసుకోవచ్చు. అయితే పైనుంచి ఉప్పు వస్తున్నంత కాలం ఈ కడుగుడు చిల్లికుండలో నీళ్ళు పోసినట్లే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. అద్దకందారును దోషిగా నిలబెట్టి ఉపన్యాసం ఇస్తే అతను వినడు. అతని తొట్టి దగ్గరే ఒక ప్రదర్శన పెట్టండి. వంద గ్రాముల చిలపలు మూడు తీసుకోండి. మూడింటికీ లీటరు చొప్పున నీళ్ళు, ఒకే రంగు, ఒకే కొలత సోడా. ఉప్పు మాత్రం ఒకదానికి 40 గ్రాములు, ఒకదానికి 30, మూడవదానికి 20. అద్ది, సబ్బుతో కాచి, నీడలో ఆరబెట్టి, పక్కపక్కన వేలాడదీయండి. తడిమీద తీర్పు చెప్పకండి, తడి నూలు ముదురుగా కనిపిస్తుంది. కొనే షావుకారుకు సమ్మతమైన రంగు ఏ చిలపకు వచ్చిందో, ఆ ఉప్పే ఆ తొట్టికి కొలత. తొట్టిలో మిగిలిన నీళ్ళ రంగు కూడా చూడండి. ఉప్పు మరీ తగ్గి, రంగు నీళ్ళలోనే ఎక్కువగా మిగిలిపోతే అదీ నష్టమే. ఉప్పు మిగిల్చి రంగును కాలవలో పోయడం తెలివి కాదు. ఆ ప్రదర్శనకు దిగువ రైతులను కూడా పిలవండి. ఇద్దరూ ఒకే తొట్టి దగ్గర నిలబడి ఒకే లెక్క చూస్తే, సగం తగాదా అక్కడే తీరుతుంది.

ఊళ్ళో మగ్గం ఆడాలి, మడి పండాలి. ఒకటి నిలవడానికి రెండవది చావనక్కరలేదు. రేపు అద్దకానికి కూర్చోబోయే ముందు తొట్టిలోకి నీళ్ళు తోడేటప్పుడు ఒక్కసారి ఆగి, "కిలో నూలుకు ఎన్ని లీటర్లు?" అని అడగండి. 20 అయితే 15 చేయండి. అంతటితో ఉప్పులో నాలుగవ వంతు తగ్గినట్లే. తక్కినవి ఒక్కొక్కటే చేసుకుంటూ పోవచ్చు.